వానను పొమ్మన్న పాట

నా చిన్నప్పుడు, తెలంగాణ ఇంకా రాకముందు, మా ఊరి నుంచి నకిరేకల్‌లోని ఇంగ్లీషు మీడియం బడికి బస్సులో వెళ్ళేదాన్ని. అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషు పాటను రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి, ఆకాశం వైపు చేతులూపుతూ పాడేదాన్ని. అర్థం నాకూ తెలియదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు. నా నోట ఇంగ్లీషు వినడమే మా బాపుకు సంబరం. మట్టి చేతులతోనే చప్పట్లు కొట్టేవాడు.

ఆ ఏడు బాపు వాన పడుతుందన్న నమ్మకంతో పొడి దుక్కిలోనే పత్తి గింజలు పెట్టాడు. చినుకు రాలలేదు. మబ్బులు కమ్ముకొచ్చేవి, గాలికి కొట్టుకుపోయేవి. బాపు సాలులో మట్టి తవ్వి, గింజ చూసి, మళ్ళీ కప్పేవాడు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

అప్పుడే టీచరమ్మ ఆ పాటకు అర్థం చెప్పింది. పిల్లలు ఆడుకోవాలట, అందుకని వానను పొమ్మంటున్నారట. ఇన్నాళ్ళూ వానను వెళ్ళగొట్టింది నేనేనా! ఆ సాయంత్రం పడమట మబ్బు పట్టింది. నోరు గట్టిగా మూసుకున్నా పాట లోపల తిరుగుతూనే ఉంది. చూస్తుండగానే మబ్బు విడిపోయింది.

నాలుగు రోజులకు బడిలో తల్లిదండ్రుల ముందు ఆ పాట పాడాలి. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నేను నోరు తెరవలేదు. టీచరమ్మ కళ్ళెర్రజేసింది, అందరూ నవ్వారు, బాపు తల వంచుకున్నాడు. బస్టాండుకు వచ్చాక వెక్కుతూ అంతా చెప్పేశాను. కొడతాడనే అనుకున్నాను.

బాపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గా పాట వాళ్ల దేశపు వానకు, బిడ్డా. మన వానకు ఇంగ్లీషు యాడొస్తది? ఫికర్ చెయ్యకు, జర మల్ల పాడు."

బస్సు కోసం నిలబడ్డ జనం మధ్యే పాటంతా పాడించుకుని, నేను నవ్వేదాకా చప్పట్లు కొట్టాడు.

గింజలు మొలవలేదు. బాపు మళ్ళీ దున్ని, మళ్ళీ విత్తాడు. ఒక్కనాడూ నా పాట ఊసెత్తలేదు. చేలో గింజలు మాడిపోతున్న రోజున ఆయన నన్ను నవ్వించాడని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నేనూ చిన్నపిల్లల టీచర్నే. పాడకుండా బిక్కమొహం వేసిన పిల్లను కోప్పడను. ముందు పక్కన గొంతుక్కూర్చుంటాను. ఆ పాట నేర్పాల్సిన రోజు మాత్రం కిటికీలోంచి ఆకాశం చూస్తాను. మన వానకు ఇంగ్లీషు రాదని బాపు చెప్పినా, మబ్బు పట్టి ఉంటే వేరే పాట మొదలుపెడతాను.