సారు ఊదిన బిళ్ల

మా గైడు సారుకు కళ్లద్దాలు తుడుచుకునే జబ్బుంది. "హా" అని ఆవిరి ఊదడం, జేబురుమాలుతో రుద్దడం. పాఠం చెబుతున్నా అంతే, టీ తాగుతున్నా అంతే. ఆ జబ్బు నా ఎమ్మెస్సీ ప్రాజెక్టును మింగబోయింది.

గ్రాఫీన్ ఆక్సైడ్‌లోంచి ఆక్సిజన్ తీసేశానని నేను రుజువు చెయ్యాలి. అంటే ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫులో ఆక్సిజన్ జాడ చూపే 'ఓ-హెచ్' అనే గుంట మాయం కావాలి. అయితేనే రిపోర్టు మీద సారు సంతకం. సూర్యాపేటలో మా కాలేజీకి ఆ గ్రాఫు తీసే యంత్రం లేదు. ముసురులో బస్సెక్కి సారూ నేనూ అది ఉన్న కోదాడ కాలేజీకి పోయాం.

ఆక్సిజన్ తీసేశాక మిగిలిన నల్లపొడిని ఆవగింజలో సగమంత తీసి, పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో కలిపి నూరి, ప్రెస్సులో నొక్కితే పల్చటి బిళ్ల వస్తుంది. తేమ కనబడితే చాలు, ఆ ఉప్పు పీల్చేస్తుంది. తడి ఉన్నా గ్రాఫులో గుంట అదే చోట పడుతుంది. అందుకే ఉప్పును ఓవెన్‌లో ఆరబెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని మరీ నూరాను. నా దగ్గర మిగిలిన పొడంతా ఆ ఒక్క బిళ్లకే సరిపోయింది.

సారు దాన్ని పట్టకారుతో ఎత్తి చూశారు. "గిదేంది, మసక మసకుంది! జర తుడువొద్దా?" అంటూ, నేను నోరు తెరిచేలోపే "హా" అని ఊదేశారు. జేబురుమాలు కూడా తీస్తుంటే, యంత్రం చూసుకునే మేడం "అయ్యయ్యో, అదేం పనండీ!" అని బిళ్లను లాక్కున్నారు.

గ్రాఫు తీస్తే ఓ-హెచ్ దగ్గర ఇంత లోతు గుంట.

"సూసినవా? నీ పని కాలె. ఆర్నెల్లు ఏం జేసినవ్?" అన్నారు సారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఆర్నెల్ల కష్టం మీద నోటి తడి ఊది, తిరిగి నన్నే తిడతాడా ఈ మహానుభావుడు!

"అది మీ ఊపిరి తడండీ. ఆరబెట్టి మళ్లీ తీద్దాం," అన్నారు మేడం.

"నాకు తెల్వదా? గీడ కూసుంటే బస్ పోతది," అని సారు వెళ్లిపోయారు. పీడ విరగడైంది.

బిళ్లను ఓవెన్‌లో ఆరబెట్టి సాయంత్రం మళ్లీ తీశాం. గుంట దాదాపు పోయింది. మేడం ముందే ఏడ్చేశాను.

మర్నాడు సారు ఆ గ్రాఫును క్లాసులో అందరికీ చూపించి, "శాంపిల్ జేసుడంటే ఓపిక గావాలె. నేనే దగ్గరుండి చేయించిన," అని ఉపన్యాసం దంచారు. ఛీ, సిగ్గైనా లేదు! క్లాసంతా చప్పట్లు కొట్టింది. మొదలుపెట్టింది నేనే. సారు ఇంకా సంతకం పెట్టలేదు మరి.