మా అవ్వకు నచ్చిన సినిమాలట

మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ సినిమా చూడదు, వింటుంది. కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. కళ్లు తునికాకు మీదే. చేతులకు తంబాకు అంటుకుని ఉంటుంది కాబట్టి రిమోట్ ముట్టదు. పొద్దున నేను పనికి పోతూ టీవీలో సినిమాల యాప్ తెరిచి ఒక సినిమా పెట్టిపోతాను. అది అయిపోగానే దానంతట అదే ఇంకోటి మొదలవుతుంది. అలా కాకుండా ఆపేయొచ్చు గానీ, "ఇంట్ల మనిషి మాట ఇనవడాలె" అని అవ్వే వద్దంటుంది. సాయంత్రం నేను వచ్చేసరికి తెర మీద ఎవడో ఎవణ్నో నరుకుతుంటాడు.

"జర గా టీవీ బంద్ చెయ్యి బిడ్డా. పగటాల్నించి ఒకటే నరుకుడు, చెవులు పోయినయి" అంటుంది.

యాప్ మాత్రం అవన్నీ అవ్వ ముచ్చటపడి చూసిందనుకుంటుంది. మర్నాడు 'మీకు నచ్చేవి' అంటూ వరసగా పేరుస్తుంది. అన్నిట్లో కత్తులే. అరవై దాటిన మా అవ్వకు!

ఇదివరకు మా వీధి చివర వీడియో క్యాసెట్ల దుకాణం ఉండేది. దాన్ని నడిపే ముస్లిం పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. నేను ఫైటింగుల క్యాసెట్ తీస్తే చేతిలోంచి లాక్కునేవాడు. "మీ అవ్వ బీడీలు చేసుకుంట గిదేం వింటది? గిది తీస్కపో, మాటలు మంచిగుంటయి" అనేవాడు. చాచా పోయాడు, దుకాణమూ పోయింది. నేను చెప్పగా వినడమే గానీ, ఆయన మా అవ్వను ఒక్కసారి కూడా చూడలేదు.

అవ్వ నన్ను అడిగేది ఒకే ఒక్క సినిమా. పేరు గుర్తులేదు. నేను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు చెన్నూరు టాకీసులో సగం చూసింది.

"పెండ్లయినంక చదువుకుంటనంటది కోడలు. అత్త పుస్తకాలు పొయ్యిల పెడ్తది. ఆమె పరీక్షకు పోయిందో లేదో చూద్దామంటే నువ్వు ఒకటే ఏడ్సుడు. ఎత్తుకొని బయటికొచ్చిన" అంటుంది. ఇన్నేళ్లయినా ఆమెకు ఆ ఫికర్ పోలేదు.

మొన్న ఆదివారం పట్టుబట్టి కూర్చున్నాను. కోడలు, చదువు, పరీక్ష అని యాప్‌లో రకరకాలుగా కొట్టి చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సంబంధం లేని సినిమాలు రెండు చూపించి, మూడోదాని నుంచి మళ్లీ కత్తులు మొదలుపెట్టింది. అసలా సినిమా తన దగ్గర లేదని ఒక్క ముక్క చెప్పి చావొచ్చు కదా! ఒళ్లు మండి రిమోట్ మంచం మీదికి విసిరేశాను.

"నీకేం ఇష్టమో దీనికేం తెల్వదవ్వా!" అని అరిచాను.

అవ్వ చాటలోంచి తలెత్తలేదు.

"ఎందుకు పరేషానయితవ్ కొడుకా? గన్ని దినాల సంది ఇంటున్ననంటే, నాకు గవే ఇష్టం కావచ్చు. పెట్టు, ఏదో ఒకటి" అంది.

ఆ తర్వాత అవ్వ ఆ కోడలి సంగతి నన్ను మళ్లీ అడగలేదు.