పది రోజుల గడువు

మా చిన్నదాన్ని ఇండియాలో వదిలి వెళ్ళమని మా అత్తగారు వేసవి సెలవుల్లో రెండు నెలల పాటు రోజూ అడిగారు. నేను రోజూ కుదరదనే చెప్పాను. దానికి మూడేళ్ళు. చివరికి మేం బయల్దేరే రోజు, కారెక్కుతుంటే, ఆవిడ ఒక గడువు పెట్టారు.

"సరే, తీసుకెళ్ళమ్మాయ్. పది రోజులు చూస్తాను. దమ్మాంలో మన ఊరివాళ్ళు ఉన్నారుగా, పదకొండో రోజున సెలవుకొస్తున్నారంట. నీ వల్ల కాలేదనుకో, పిల్లని వాళ్ళతో పంపేద్దువుగాని. స్కూలు వయసొచ్చాక నేనే తెచ్చి దింపుతాను."

"నా వల్ల అవుద్దండి," అన్నాను.

మా ఆయన డిక్కీలో అప్పటికే సర్దేసిన సూట్‌కేసుల్ని మళ్ళీ సర్దుతున్నట్టు నటించారు.

నేను గల్ఫులో, దమ్మాంకి దగ్గర్లోని జుబైల్లో ఒక ఆసుపత్రిలో నర్సుని. పిల్లల్ని అమ్మమ్మల దగ్గరో నానమ్మల దగ్గరో వదిలి రావడం మా నర్సుల్లో మామూలే. మా వార్డులో సగం మంది తల్లులు టీ టైములో ఫోను అద్దానికి ముద్దులు పెడతారు. వాళ్ళని నేను తప్పు పట్టను. కొందరికి కుటుంబాన్ని తెచ్చుకునే వీసా లేదు, కొందరి భర్తలు వేరే దేశంలో ఉన్నారు. నాకు ఆ ఇబ్బందులేవీ లేవు. ఇల్లుంది, వీసాలున్నాయి, పిల్లల నాన్న ఇదే ఊళ్ళో ఒక ప్లాంటులో ఆపరేటరు. ఇన్ని ఉండి పిల్లని ఎందుకు వదలాలో ఆవిడ ఎన్నడూ సూటిగా చెప్పలేదు. నాకు తెలుసు. మా ఇంట్లో సాయంత్రం పిల్లలకి అన్నం పెట్టేది మగాడు. అదీ ఆవిడ బాధ.

ఆయన డ్యూటీ తెల్లారి ఆరింటికి మొదలై మధ్యాహ్నం రెండున్నరకు అయిపోతుంది. నాది మూడింటి నుంచి రాత్రి పదకొండు దాకా. పొద్దుటి పూట పిల్లలు నావాళ్ళు, సాయంత్రం ఆయనవాళ్ళు. మాకున్నది ఒక్క కారు. మధ్యాహ్నం పిల్లలిద్దర్నీ వెనక సీట్లో వేసుకుని నేను ఆసుపత్రికి నడుపుకుంటూ వస్తాను. ప్లాంటు బస్సు ఆయన్ని అక్కడే దింపుతుంది. పార్కింగులో నిలబడి, షిఫ్టు మారేటప్పుడు నర్సులు రోగుల్ని అప్పగించినట్టే అప్పగిస్తాను. పెద్దవాడు తిన్నాడు, లెక్కల హోంవర్కు ఉంది, చిన్నది ఇంకా పడుకోలేదు అని. తాళం ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోతాను. ఏడాదిన్నరగా మా సంసారం ఇలాగే నడుస్తోంది, బాగానే నడుస్తోంది.

బాగా నడిచే సంసారాన్ని చెడగొట్టడానికి రెండు నెలల సెలవు చాలు. గురువారం సాయంత్రం దిగాం. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి బట్టలు ఉతుక్కుంటూ, పచ్చడి ప్యాకెట్లు ఫ్రిజ్‌లోకి ఎక్కించుకుంటూ గడిపేశాం. ఇక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. ఎనిమిదేళ్ళుగా నేను అలాగే బతుకుతున్నాను. కానీ ఇండియాలో ఉన్న రెండు నెలల్లో ఆదివారం మళ్ళీ నాకు సెలవురోజు అయిపోయింది. పెద్దవాడి ఈత క్లాసు కోసం అక్కడ ఫోనులో అలారాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా మోగేలా మార్చాను, తిరిగి మార్చడం మర్చిపోయాను. ఆరుంబావుకి కింద స్కూలు బస్సు హారన్ కొడుతుంటే, "ఆదివారం కూడా ఏంటీ గోల" అని తిట్టుకుని దుప్పటి మీదికి లాక్కున్నాను. డ్యూటీ సోమవారం నుంచే కాబట్టి మా ఆయన అసలు కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంకో పావుగంటకి అత్తగారి వీడియో కాల్. అక్కడ తొమ్మిదైంది. ఫోను పెద్దవాడు ఎత్తాడు.

"ఏరా నాన్నా, బడికెళ్ళలేదేంటి?"

"ఆదివారం కదా నానమ్మా."

"మీకక్కడ ఆదివారం బడి ఉంటదిగా! మీ అమ్మేది?"

"పడుకుంది."

ఆవిడ రిటైరైన టీచరు. మా పిల్లల టైంటేబుల్ నాకంటే ఆవిడకే బాగా గుర్తు. నేను ఎగిరి మంచం దిగేసరికి ఫోనులోంచి ఆ గొంతు ప్రశాంతంగా వినిపించింది. "మొదటి రోజే ఇలాగైతే ఎలాగమ్మాయ్?"

"ఇవాళ లేవలేదండి. రేపు లేస్తాం," అని ఫోను పెట్టేశాను.

నైటీ మీదే ఒళ్ళంతా కప్పే అబాయా తొడుక్కుని, వాణ్ణి కారులో పడేసి, చొక్కా గుండీలు దారిలో పెట్టుకోమన్నాను. వాడి బూట్లు ఏ సూట్‌కేసులో ఉన్నాయో దొరకలేదు. స్కూలు గేటు దగ్గర గార్డు వాడి కాళ్ళకున్న హవాయి చెప్పులు చూశాడు, నన్ను చూశాడు. చూస్తే చూశాడు. నేనూ అతన్ని అలాగే చూశాను. గేటు తీశాడు.

పెద్దవాడు రెండు రోజుల్లో దారిన పడ్డాడు. చిన్నదే పడలేదు. అక్కడ దాన్ని చంకనెత్తుకుని, వీధంతా తిప్పి, కోడిని చూపించి, గేదెను చూపించి ముగ్గురు మనుషులు వంతులవారీగా తినిపించారు. ఇక్కడ మాది నాలుగో అంతస్తు. కంచం చూడగానే నోరు బిగించేసేది. మా ఆయన సాయంత్రం ఒక చేత్తో దాన్ని, ఒక చేత్తో పెరుగన్నం గిన్నెను పట్టుకుని కింద పార్కింగులో పిల్లుల వెంట తిరిగేవారు. జుబైల్ ఉక్క సంగతి తెలిసినవాళ్ళకి ఆ సమయంలో బయట నిలబడడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ ఫోను చేసేవారు. చెమటలు కారుతున్న కొడుకు, ఏడుస్తున్న మనవరాలు, పక్కన లేని కోడలు. ఆవిడకి కావలసినవన్నీ ఒకే అద్దంలో కనిపించేవి.

నాకు కోపం వచ్చేది. భయం కూడా వేసేది. చిన్నది పొద్దున నా ఒళ్ళో కూర్చుని ఏడ్చినా "నానమ్మ కావాలి" అనేది. ఆ మాట గుచ్చుకునేది. గుచ్చుకున్నా సరే, దోసె ముక్క నోట్లో పెట్టి, "నానమ్మ ఫోనులో వస్తుంది, నువ్వు ముందు నములు" అనేదాన్ని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పార్కింగులో, నేను అప్పగింత మొదలుపెట్టకముందే ఆయన అన్నారు.

"పొద్దున పాప పేరు మీద రీ-ఎంట్రీ తీశాను. పంపిద్దామని కాదు. ఒకవేళ అవసరమైతే ఉంటదని."

దేశం దాటి తిరిగి రావడానికి అనుమతి అది. పిల్లల నివాస అనుమతి ఆయన ఇకామా కార్డు మీదే ఉంది. ఫోనులో నాలుగు నొక్కులు నొక్కితే వచ్చేస్తుంది. నన్ను ఒక్క మాట అడగక్కర్లేదు, అడగలేదు.

మూడింటికి పది నిమిషాలుంది. పిల్లలు కారులో ఏసీలో ఉన్నారు. తలుపు మూసి బయట నిలబడ్డాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తర్వాతి నర్సు "తీసుకున్నాను" అనేదాకా ముందున్న నర్సు మంచం దగ్గర్నుంచి కదలకూడదు. "మీరు దాన్ని తీసుకున్నానని చెప్పేదాకా నేను లోపలికి వెళ్ళను," అన్నాను.

"రోజూ తీసుకుంటూనే ఉన్నానుగా."

"రాత్రి పదకొండు దాకా కాదండి. పూర్తిగా."

"ఎందుకంత పంతం నీకు? మా అమ్మకి ట్రాన్స్‌ఫర్లని నన్ను ఐదేళ్ళ దాకా అమ్మమ్మ దగ్గరే ఉంచారు. నాకేమైంది? బాగానే ఉన్నానుగా."

ఈ మాట పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను. ఎప్పుడూ ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోబుద్ధి కాలేదు.

"పోయినేడు మీకు నూటనాలుగు జ్వరం వచ్చింది గుర్తుందా? రెండ్రోజులు పక్కన కూర్చున్నది నేను. కలవరింతల్లో ఎవర్ని పిలిచారో తెలుసా? అమ్మమ్మని. పోయి పన్నెండేళ్ళయిన మనిషిని పిలిచారు. ఒక్కసారి, ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. మీ అమ్మగారు బతికే ఉన్నారండి. నా కూతురు జ్వరమొస్తే నన్ను పిలవాలి. అంతే నా పంతం."

ఆయన ముఖం చూసి అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. మూడైంది. వార్డు నుంచి ఫోను మోగింది, ఎత్తలేదు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళి ఎరగను. ఆయన చాలాసేపు కారు అద్దంలోంచి నిద్రపోతున్న పిల్లని చూశారు. తర్వాత ఫోను తీసి ఏదో నొక్కి, నాకు చూపించారు. రీ-ఎంట్రీ రద్దయింది.

"తీసుకున్నాను," అన్నారు.

తాళం ఇచ్చేశాను. వార్డులోకి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి, అందరిముందూ మాట పడ్డాను.

ఆ సాయంత్రం ఆయన వాళ్ళమ్మకి ఏం చెప్పారో నేను అడగలేదు. జ్వరం సంగతి మాత్రం చెప్పలేదని తర్వాత అన్నారు. దమ్మాంలో ఉన్న మా ఊరివాళ్ళు అనుకున్న రోజుకి సెలవు మీద వెళ్ళిపోయారు. అత్తగారు ఐదు రోజులు ఫోను చెయ్యలేదు. ఆరో రోజు నాకు ఆఫ్. చిన్నది నా ఒళ్ళో నోరు బిగించుకుని కూర్చుని ఉండగా ఆవిడ వీడియో కాల్ వచ్చింది, ఎత్తాను. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడకి అదంతా అద్దంలో కనిపిస్తూనే ఉంది.

"తిందా అమ్మాయ్?" అన్నారు.

"తినలేదండి," అన్నాను. "అయినా ఇక్కడే ఉంటది."