ఖీలప్ పెదనాన్నకు పెట్టిన దీపాలు

అబద్ధం ఆడింది మా నాన్న. మోసపోయింది ఆయన సొంత అన్న, మా ఖీలప్ పెదనాన్న. మా ఊరు మిలంలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు కాబట్టి దాచి లాభం లేదు.

మా వాళ్లు ఏటా వేసవిలో మేకల వీపున ధాన్యం, బెల్లం వేసుకుని ఊంటా ధూరా కనుమ దాటి టిబెట్ వెళ్లేవారు. ఉప్పు, ఉన్ని తెచ్చేవారు. అక్కడ ఎవరితో పడితే వాళ్లతో బేరం కుదరదు. ప్రతి ఇంటికీ అవతల ఒక్కడే మిత్రుడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తాగి, రాయి పగలగొట్టి చెరో ముక్క దాచుకుంటే ఆ మాట తరాలు నిలవాలి. మా ముత్తాత కుదుర్చుకున్న స్నేహం పెదనాన్న దాకా వచ్చింది. అవతలి మనిషి పల్జోర్, పెద్ద గొర్రెల మంద ఉన్నవాడు.

ఒక ఏడు తిరుగుదారిలో మంచు తుఫాను కమ్మింది. పెదనాన్న మేకల్ని కాపాడాడు గానీ కుడికాలి వేళ్లన్నీ పోయాయి. మరుసటి వేసవికి పుండు మానలేదు. రాయి ముక్క తీసి మా నాన్న చేతిలో పెట్టాడు.

"జస్మల్, ఇది చూపిస్తే పల్జోర్ నన్ను చూసినట్టే అనుకుంటాడు. పై ఏడు నేనే వస్తానని చెప్పు."

నాన్న తలూపి వెళ్లాడు. ఉన్నితో తిరిగొచ్చాడు.

ఆ పై ఏడు పెదనాన్న బయల్దేరతానంటే నాన్న ఒప్పుకోలేదు. "ఆ కాలితో కనుమ ఎక్కుతావా? పిచ్చా నీకు?" అన్నాడు. పెదనాన్న వినలేదు. ఎవరికీ చెప్పకుండా పొరుగువాళ్ల మందతో ముందే వెళ్లిపోయాడు.

టిబెట్‌లోని గ్యానిమా సంతలో పల్జోర్ గుడారం ముందు నిలబడి పిలిచాడు. పల్జోర్ భార్య బయటికొచ్చింది. ఆయన్ని చూసి, చేతిలోని పాల బిందె వదిలేసి లోపలికి పరుగెత్తింది.

"దెయ్యం! వాడి దెయ్యం వచ్చింది!"

పల్జోర్ వచ్చి పెదనాన్న చెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. కూలబడిపోయాడు.

"నువ్వు చచ్చిపోయావని మీ తమ్ముడు చెప్పాడు. పోయినవాళ్లకు పెట్టినట్టే నలభై తొమ్మిది రోజులు నీకు వెన్న దీపాలు పెట్టాం. ఆ రాయి ముక్క మీదే అతనితో ప్రమాణం చేశాను."

"బతికే ఉన్నాను కదా. అది తెంచెయ్."

"అతను అబద్ధమాడాడు, నిజమే. కానీ గిన్నె ఎత్తింది నేనూ. తెంచితే నేనూ మీ తమ్ముడిలాంటి వాణ్నే అవుతాను, ఖీలప్."

పెదనాన్న అక్కడి టీ తాగకుండానే వెనక్కి తిరిగాడు.

ఇంట్లో నాన్న ఉప్పు సంచులు కుడుతున్నాడు. నాన్నమ్మ ఉన్ని వడుకుతోంది.

"ఎలా చచ్చానని చెప్పావురా?"

నాన్న తలెత్తలేదు. "మంచులో," అన్నాడు.

నాన్నమ్మే అందుకుంది. "నేనే అలా చెప్పమన్నాను. కుంటివాడితో ఆ బేరం చేజారిపోతుందని భయపడ్డాను. తమ్ముడి చేతికొస్తే ఇంట్లోనే ఉంటుంది కదా, నాయనా."

"నీకూ తెలుసా అమ్మా?"

పెదనాన్న దుప్పటి, చెంబు తీసుకుని బయటికి నడిచాడట. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తరవాత ఎనిమిదేళ్లు పరాయివాళ్ల మేకల్ని తోలుకుంటూ, కుంటుతూనే అదే కనుమ ఎక్కి దిగాడు. సంతలో పల్జోర్ ఎదురైతే ఇద్దరూ నవ్వుకునేవారు. ఉన్ని మాత్రం మా నాన్న సంచుల్లోకే పోయేది. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చి సరిహద్దు మూసేశారు. నాన్న మేకల్ని అమ్ముకుని కొండ దిగువన ఉన్న మున్‌సియారీ చేరాడు. అక్కడే పోయాడు.

కబురు విని పెదనాన్న వచ్చాడు. పాడె కొమ్ము పట్టాడు. దహనం అయ్యాక ఏటి ఒడ్డున ఆయన పక్కన కూర్చుని అడిగాను.

"ఇప్పటికైనా క్షమించావా, పెదనాన్నా?"

"లేదు తల్లీ. అబద్ధమాడితే ఆడాడు. నా పేరు చెప్పి పల్జోర్ భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడట. ఎంత బాగా ఏడ్చాడంటే వాళ్లూ ఆపుకోలేకపోయారట. అదే నాకు మింగుడు పడదు."

చెప్పులు వేసుకుని లేచాడు. భోజనానికి రమ్మని బతిమాలాను. ఆగలేదు.