పిట్టకు ఇచ్చిన మాట

అన్నను, వదినను, వాళ్ల మూడేళ్ల పాపను చంపినవాడు మాకు పరాయివాడేం కాదు. కామత్‌ఘర్ బస్తీలో మా గల్లీయే. అన్నతో కలిసి ఒకే మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. ఎందుకు చంపాడో కోర్టులో ఎన్నిసార్లు విన్నా నా బుర్రకు ఈ రోజుకీ ఎక్కలేదు.

మూడోరోజు నది ఒడ్డున పిట్టకు ముద్ద పెట్టాం. విస్తట్లో అన్నకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకులు చుట్టూ తిరుగుతాయే కానీ ఒక్కటీ ముట్టదు. పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోతే అలా ముట్టవని మావాళ్ల నమ్మకం. "మీ అమ్మను మేం అరుసుకుంటం" అని మామ మాటిచ్చాడు, మేనత్త ఇంకేదో అంది. ఊహూఁ. ఎండ మాడు పగలగొడుతోంది. చివరికి అమ్మ లేచి చేతులు జోడించింది.

"నిన్ను సంపినోన్ని ఉరి తీయించేదాంక ఊకోను బిడ్డా!"

ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

ఇక మా ఇంట్లో కుదురనేది లేకుండా పోయింది. ఏళ్ల తరబడి వాయిదాలు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, పై కోర్టులు సరేనన్నాయి. అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. "ఒక కాకి కోసం బతుకంత పాడుచేసుకుంటవా? ఉరి తీస్తే అన్న లేచొస్తడా?" అని నేను అరిచేదాన్ని.

ఈమధ్య వాడి తల్లి మా ఇంటికొచ్చింది. ఒకప్పుడు అమ్మను నోరారా "అక్కా" అని పిలిచిన మనిషి, ఇన్నేళ్లుగా మమ్మల్ని చూస్తే పక్క గల్లీలోకి తిరిగిపోయేది. చేతిలో కాగితం. రాష్ట్రపతికి క్షమాభిక్ష దరఖాస్తు పెడుతున్నారట. మేం కూడా ఉరి వద్దని రాసిస్తే బలంగా ఉంటుందని వకీలు అన్నాడట.

"ఇడిసిపెట్టమంటలేనక్కా. జైల్లనే ఉండనీ. పోయి సూసేతందుకు మనిషుంటే సాలు."

అమ్మ ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత అడిగింది, "ఉరేస్తే పీనుగనన్న నీకిస్తరా?"

"ఏమో అక్కా. ఎవ్వలు సరిగ చెప్తలేరు."

అమ్మ కళ్లొత్తుకుంది. "నేను మాటిచ్చిన, ఏలుముద్ర ఎయ్య. నా బిడ్డ ఏ మాట ఇయ్యలే. దాన్నడుగు."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఆ మాట తనే మోసి, ఇప్పుడు నా నెత్తిన పెడుతుందా! కానీ ఉరి వద్దని గొంతు చించుకున్నది నేనే కదా. పెన్ను తీశాను. మళ్లీ మూత పెట్టేశాను. "రేపు రా చిన్నమ్మా" అన్నాను.

పదిహేను రోజులైంది. పని నుంచి నేరుగా ఇంటికి పోబుద్ధి కాదు. అంజూర్ ఫాటా కూడలి దాకా నడిచి, లారీల మధ్య ఊరికే తిరిగి వస్తున్నాను. చిన్నమ్మ రోజూ వస్తోంది. ఏమీ అడగదు, కాసేపు వాకిట్లో నిలబడి వెళ్లిపోతుంది.

నిన్న అమ్మే అంది, "సంతకం పెట్టరాదే. దాని గోస సూడలేకపోతున్న."

"పెట్టను. వాన్ని ఉరి తియ్యాలె. నీకు కాదమ్మా, నాకు కావాలె."

నోట్లోంచి వచ్చేదాకా అది నాకే తెలియదు. తిరిగి చూస్తే వాడి తల్లి వాకిట్లో నిలబడి ఉంది.