అక్క చేతికి కొత్త నరం చూడబోయి

ఏడో తరగతిలో గుండె బొమ్మ గీయమంటే నేను గీసింది చూసి మాస్టారు వంకాయ బాగుందన్నారు. నా చదువు అక్కడితో సరి. అలాంటి నన్ను మా అక్క రక్తనాళాల సభకు తోడు రమ్మంది.

అక్కకు డయాలసిస్ జరుగుతోంది. సూదులు గుచ్చేందుకు చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన నరం రెండుసార్లు గడ్డకట్టి మూసుకుపోయింది. ఇప్పుడు మెడలో పెట్టిన గొట్టమే దిక్కు. దానివల్ల చీటికీ మాటికీ జ్వరం. మనిషి కణాలతో నాళాలు పెంచే కంపెనీ ఒకటి చెన్నైలో రోగులతో మాట్లాడుతుందని డాక్టరు గారు చెప్పారు.

ఆరింటికి ముత్తుకూరులో బస్సెక్కాం. నెల్లూరు స్టేషన్లో ఇడ్లీ తిని రైలు పట్టుకున్నాం. మా వెనక ఈ దారిన వచ్చేవాళ్లు స్టేషన్ బయటే తిని రండి, లోపలి ఇడ్లీ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

ఎదుటి సీట్లో దొరవారిసత్రం వరి రైతు మా ప్రయాణం సంగతి విని, "నరాన్ని గూడా నారు పోసి పెంచతారా?" అన్నాడు.

"అవును పెద్దాయనా, నాటేది మా అక్క చేతిలో" అన్నాను. అక్క నవ్వలేదు.

సభలో కంపెనీ ఆయన బలాలతో మొదలుపెట్టాడు. నాళం పెరిగాక కణాలను కడిగేస్తారట, ఉత్త గొట్టం మిగులుతుందట. కాబట్టి ఒళ్లు దాన్ని పరాయిదని తోసేసే భయం తక్కువ. ముందే తయారుగా ఉంటుంది. చీము పట్టడమూ తక్కువేనట. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను రొయ్య పిల్ల అమ్మే ఏజెంటును. రోగం రాదు, ఏ నీళ్లలోనైనా బతుకుతుంది అనే పాట చెరువు గట్ల మీద రోజూ పాడుతుంటాను. ఆయనకు కోటు, ఏసీ అదనం.

తర్వాత అదే గొంతుతో రెండో వైపు చెప్పాడు. ఇదీ మూసుకుపోవచ్చు, ఉబ్బవచ్చు, ఎప్పుడైనా చిట్లి రక్తం పోవచ్చు. ఏళ్లు గడిస్తే ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. కంపెనీకి ఉన్నది ఈ ఒక్క సరుకే. పెట్టుబడి ఆగితే కంపెనీయే మూతపడవచ్చు. అప్పటికి సగం హాలు భోజనాల దగ్గరుంది. అక్క కదల్లేదు. అంతా విని, ఆ నాళాన్ని రోగులకు పెట్టి చూసే పరీక్షల్లో చేరేందుకు పేరిచ్చి వచ్చింది.

తిరుగు రైల్లో పులికాట్ వైపు గాలి తగిలేసరికి నాకు భయం పట్టుకుంది. నాళం గొప్పదే కావచ్చు, కంపెనీ మాత్రం వేసవి చెరువు, ఎప్పుడెండుతుందో తెలియదనిపించింది. పేరు తీసేయమని బతిమాలాను. ఆయన చెప్పినవన్నీ నేను రైతులకు చెప్పే మాటలేనన్నాను.

అక్క మెడ దగ్గర కట్టు సర్దుకుంది.

"ఆయన చెడిపొయ్యేది గూడా చెప్పినాడు గదరా. నీ రొయ్య పిల్ల చచ్చినా చావొచ్చని ఒక్క రైతుకన్నా ముందు చెప్పినావా?"