ధర్మవరం పట్టుచీరల కొట్లో మా చెల్లెలి చోటు

మా చెల్లెలు వరలక్ష్మి చిన్నప్పటి నుంచీ చంకకర్రలతోనే నడుస్తుంది. వికలాంగులను పనిలో పెట్టుకుంటే ప్రభుత్వం రాయితీ ఇస్తుందని హిందూపురంలో ఒక కంపెనీ ఆమెను చేర్చుకుని, ఇంట్లోనే ఉండమ్మా, జీతం పంపిస్తాం అంది. చుట్టాలంతా అదృష్టమన్నారు. ఈవిడ మాత్రం పని లేని జీతం నాకొద్దని కొన్నాళ్ళకే మానేసింది. మొండితనంలో మా ఇంట్లో ఆమెను మించినవాళ్ళు లేరు. అందుకే ధర్మవరంలోని ఒక పట్టుచీరల కొట్టు నుంచి పిలుపు రాగానే, ఈసారైనా కుదరాలని నేనూ తోడు బయలుదేరాను.

రైలైతే త్వరగా చేరుస్తుంది గానీ స్టేషన్లో వంతెన మెట్లు ఎక్కి దిగాలి. అందుకని పొద్దున ఏడు గంటలకు హిందూపురంలో ఆర్టీసీ బస్సెక్కాం. వికలాంగుల పాసు ఉంటే సగం టికెట్టే. గంటలో పెనుకొండ వచ్చింది. అక్కడ దిగి మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీ తినకుండా ముందుకు పోయే ప్రయాణం దండగని నా నమ్మకం. టిఫిన్ వడ్డించే అవ్వ మా సంగతంతా రాబట్టి, వరలక్ష్మి ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది.

"కడుపు నిండా తిను పాపా. ఆకలితో పోతే అడగాల్సింది అడగలేవు."

పదిన్నరకల్లా ధర్మవరం చేరి, బస్టాండు నుంచి ఆటోలో కొట్టుకు వెళ్ళాం. యజమాని మంచి మనిషి. రాయితీ సంగతి దాచకుండా చెప్పి, గల్లాపెట్టె పక్కన మెత్తటి కుర్చీ చూపించారు. "నీకోసమే ఏయించినా తల్లీ. ఆడ కూర్చుంటే చాలు, ఏ పనీ ముట్టుకోవద్దు."

మా చెల్లెలి ముఖం వాడిపోయింది. మళ్ళీ అదే కథ. ఇక్కడి కొట్లలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తెల్లటి పరుపుల మీదే కూర్చుంటారు. అలమారాల్లోంచి చీరలు అందించేందుకు వేరే మనిషి ఉంటాడు.

"ఈడ అందరూ కూర్చునే కదా సార్ అమ్ముతాండారు? నాకు మాత్రం కుర్చీ ఎందుకు? ఒక్క బేరం నన్ను చూడనియ్యండి. చేతకాకుంటే నేనే పోతా" అంటూ చంకకర్రలు వెనక స్తంభానికి ఆనించి పరుపు మీదికి జరిగింది.

బత్తలపల్లి నుంచి పెళ్ళిచీరలకు వచ్చిన తల్లీకూతుళ్ళు ఆమె ఎదుట కూర్చున్నారు. కూతురికి ఏ రంగూ నచ్చదు. వరలక్ష్మి విసుక్కోకుండా ఒక్కో కొంగూ తన భుజాన వేసుకుని చూపిస్తూ, మాటల్లో పెట్టి నవ్విస్తూ, చివరికి రెండు చీరలు ఒప్పించింది. లేవబోతూ ఆ తల్లి చంకకర్రలు చూసి, వరలక్ష్మి వైపు తిరిగింది.

"ముహూర్తం చీరకు మళ్ళా వస్తాం. నువ్వే చూపియ్యాల పాపా."

యజమాని నవ్వేశారు. "సోమవారం నుంచి రామ్మా. ఆ కుర్చీలో నేనే కూర్చుంటాలే."

తిరుగు బస్సులో ఆమె హాయిగా నిద్రపోయింది. ఆ రాయితీ లేకుంటే కొట్టు నుంచి పిలుపే వచ్చేది కాదు, అలాంటి పథకాలు ఉండాల్సిందే. లోపలికి వెళ్ళాక ఎక్కడ కూర్చోవాలో మా చెల్లెలు తేల్చుకుంది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ధర్మవరం వెళ్ళేవాళ్ళు మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండ వెలుగులో రంగు చూసుకోండి. స్తంభానికి ఆనించిన చంకకర్రలు కనిపిస్తే, ఆ పరుపు మీదే కూర్చోండి.